పక్క ఊళ్లో వాన పడలేదూ?

వానలు మొహం చాటేసిన ఏడు మన పల్లెల్లో కప్పతల్లి ఆట ఆడేవాళ్లు. కొన్నిచోట్ల ఇప్పటికీ ఆడుతున్నారు. రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇద్దరు పిల్లలు చెరోవైపు భుజానికెత్తుకుని ఇంటింటికీ తిరుగుతారు. గడపలోకి వచ్చిన ఇల్లాలు కప్ప మీద బిందెడు నీళ్లు గుమ్మరించి, పిల్లలకు గుప్పెడు గింజలు పెట్టి పంపుతుంది. వారం తిరక్కుండా వాన పడిందనుకోండి, ఊరంతా కప్పకే దండం పెడుతుంది. అప్పుడు రచ్చబండ మీద కూర్చున్న ముసలాయన ఒకరు తాపీగా ఇలా అడిగారనుకుందాం: "బాగానే ఉందిరా, మరి కప్పను తిప్పని పక్క ఊళ్లో వాన పడలేదూ?"

ఇవాళ్టి నా ప్రసంగమంతా ఆ ముసలాయన ప్రశ్న గురించే.

మనకు కాకతాళీయం అనే మాట ఉంది. కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలింది, తాటిపండు రాలింది. కాకి వాలబట్టి రాలిందా, రాలబోయే వేళకు కాకి వాలిందా? ఒక్క చెట్టును చూసి చెప్పలేం. కాకి వాలని చెట్టును కూడా చూడాలి. రసాయన శాస్త్రం చదివేవాళ్లకు ఇది కష్టం కాదు. రెండు పరీక్షనాళికల్లో ఒకే ద్రావణం పోసి, ఒకదాంట్లో చుక్క వేసి, రెండోదాంట్లో వెయ్యకుండా ఉంటే సరిపోతుంది. సమాజంతో అలా కుదరదు. ఒకే ఊరు ఒకే సంవత్సరాన్ని రెండుసార్లు బతకలేదు. పథకం పెట్టాం, బడికి వచ్చే పిల్లలు పెరిగారు. మరి పథకం పెట్టకపోయుంటే? ఆ సంవత్సరం ఎప్పటికీ రాదు. అందుకని ఆ ఊరికి జంటగా ఇంకో ఊరిని వెతకాలి. సమాజ శాస్త్రంలో ప్రయోగాల రకాలన్నీ దాదాపుగా ఈ రెండో ఊరిని సంపాదించే ఉపాయాలే.

రేడియోలో మాట్లాడుతున్నాను కనక రేడియో మీద జరిగిన ప్రయోగంతోనే మొదలుపెడతాను.

1956లో, యునెస్కో సాయంతో, ఆకాశవాణి పుణే కేంద్రం ఒక పని చేసింది. అప్పటి బొంబాయి రాష్ట్రంలో అయిదు మరాఠీ జిల్లాల నుంచి సుమారు 150 ఊళ్లు తీసుకుంది. ఊరికి ఇరవై మంది చొప్పున శ్రోతల సంఘాలు ఏర్పాటయ్యాయి. వారానికి రెండుసార్లు, అరగంటేసి, పది వారాల పాటు వ్యవసాయం గురించి, ఆరోగ్యం గురించి, ఊరి వ్యవహారాల గురించి కార్యక్రమాలు ప్రసారం చేశారు. విన్నాక రేడియో కట్టేసి ఆ ఇరవై మందీ విన్న సంగతి మీద మాట్లాడుకోవాలి. వినండి, చర్చించండి, ఆచరించండి అన్నది వాళ్ల నినాదం. దీనివల్ల ఏం ఒరిగిందో తేల్చే పని బొంబాయిలోని టాటా సమాజ శాస్త్ర సంస్థ తీసుకుంది. నడిపించినవాడు పాల్ న్యూరాత్, వియన్నాలో పుట్టి అమెరికాలో పాఠాలు చెప్పిన సమాజ శాస్త్రవేత్త.

ఆయన ఆ ముసలాయన ప్రశ్నే వేసుకున్నాడు. సంఘాలున్న ఊళ్లలోనే కాక సంఘాలు లేని ఊళ్లలో కూడా, కార్యక్రమాలకు ముందోసారి, తర్వాతోసారి జనాన్ని అవే ప్రశ్నలు అడిగించాడు. ఆ సంఘాలు లేని ఊళ్లనూ రెండు రకాలుగా తీసుకున్నాడు. కొన్నిట్లో రేడియో ఉంది, సంఘం లేదు. కొన్నిట్లో రేడియో కూడా లేదు. ఎందుకీ మూడో రకం? కాసేపు ఆలోచిస్తూ ఉండండి. ఫలితం చివర్లో చెబుతాను.

ఇప్పుడు రకాల్లోకి వద్దాం. మొదటిది ప్రయోగశాల ప్రయోగం. సమాజ శాస్త్రంలో ప్రయోగశాలకు తెల్లకోటు అక్కర్లేదు, బడిలో ఒక గది చాలు. ఆ గదిలోకి ఏది రావాలో ఏది రాకూడదో పరిశోధకుల చేతిలో ఉండాలి, అంతే. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో చేసిన ప్రయోగం 2006లో అచ్చయింది. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలు 600 మందికి పైగా అందులో పాల్గొన్నారు. సగం మంది పై కులాల వాళ్లు, సగం మంది దళితులు. ఆరుగురేసి పిల్లలను ఒకచోట కూర్చోబెట్టి, కాగితం మీద గీసిన చిక్కుదారుల బొమ్మలిచ్చారు. పిల్లల పత్రికల్లో "కుందేలుకు దారి చూపండి" అని వేస్తారే, అలాంటివి. విప్పిన ఒక్కో చిక్కుకు రూపాయి ఇస్తామన్నారు.

కొన్ని గుంపుల్లో కులం మాట ఎవరూ ఎత్తలేదు. అక్కడ దళిత పిల్లలకూ మిగతా పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరికొన్ని గుంపుల్లో ఆట మొదలయ్యే ముందు ఒక్కో పిల్లవాడి పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఊరు, కులం అందరూ వినేలా చదివారు. బొమ్మలు అవే, రూపాయీ అదే. దళిత పిల్లలు విప్పిన చిక్కుల లెక్క మాత్రం పడిపోయింది. చదువులో వెనకబాటు పుట్టుకతో వచ్చిందనే వాళ్లకు ఇంతకన్నా సూటి జవాబు ఉండదు. పిల్లవాడి తల మారలేదు. ఆ గదిలో వాణ్ని పిలిచిన పిలుపు మారింది.

ఒక్క విషయాన్నే మార్చి, తక్కినవన్నీ కదలకుండా పట్టుకోవడం ప్రయోగశాల బలం. గది దాని బలహీనత. గదిలో రూపాయి కోసం కాసేపు ఆడిన ఆటను చూసి బతుకంతా ఇలాగే ఉంటుందని చెప్పగలమా? ఈ అనుమానమే పరిశోధకులను గది దాటించింది.

అలా పుట్టింది క్షేత్ర ప్రయోగం. జనం బతికే చోటే ప్రయోగం. దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో మొదలైన ఒక ప్రయోగం ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసింది. ప్రైవేటు బడి మంచిదా, సర్కారు బడి మంచిదా అన్నది మన ఇళ్లలో తెగని వాదం. ప్రైవేటు బడి పిల్లలకు మార్కులు ఎక్కువొస్తే ఆ గొప్ప బడిదే అనలేం. పిల్లవాడి చదువు మీద ధ్యాస ఉన్న తల్లిదండ్రులే ఎలాగో డబ్బు కూడబెట్టి అక్కడికి పంపుతూ ఉండొచ్చు. అప్పుడు ఆ మార్కులు బడివా, ఇంటివా? ఈ ముడి విప్పడానికి ఒకటే దారి: ఎవరు ఏ బడికి వెళ్లాలన్నది ఇంటివాళ్ల చేతిలో కాకుండా చీటీల చేతిలో పెట్టడం. పిల్లలను ప్రైవేటు బడికి పంపడానికి ఇష్టపడి దరఖాస్తు చేసుకున్న కుటుంబాల మధ్య లాటరీ తీసి, పేరు వచ్చిన పిల్లలకు ఫీజు కట్టే వోచర్లు ఇచ్చారు. లాటరీకి పేదా గొప్పా తెలియదు, తెలివైన పిల్లవాడెవడో తెలియదు. కాబట్టి పేరొచ్చిన గుంపూ, రాని గుంపూ మొదట్లో ఒకేలా ఉంటాయి.

ఇందులో ఒక మెలిక ఉంది. బాగా చదివే స్నేహితులు వెళ్లిపోతే సర్కారు బడిలో మిగిలిన పిల్లల చదువు దెబ్బతింటుందేమో? ఒకే ఊళ్లో వెళ్లినవాళ్లనూ మిగిలినవాళ్లనూ పోలిస్తే ఆ దెబ్బ లెక్కకు అందదు. అందుకని ముందు ఊళ్లకే చీటీలు వేశారు. మొత్తం 180 ఊళ్లలో సగం ఊళ్లకే వోచర్లు వచ్చాయి. ఆ ఊళ్లలో పిల్లలకు రెండో లాటరీ తీశారు. నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెట్టి చూస్తే, తెలుగులో, లెక్కల్లో రెండు గుంపులకూ తేడా లేదు. ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలకు హిందీ బాగా వచ్చింది. మిగిలిపోయిన పిల్లలకు నష్టమూ కనపడలేదు. ప్రైవేటు బడిని మెచ్చుకునేవాళ్లు ఇది విని కాస్త చిన్నబుచ్చుకుంటారు. అయితే ఆ ప్రైవేటు బడులు ఒక్కో పిల్లవాడి మీద పెట్టిన ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. ఈ మాటకు అవతలివాళ్లూ తల గోక్కుంటారు. మంచి ప్రయోగం ఎవరి పక్షమూ పూర్తిగా పట్టదు.

క్షేత్ర ప్రయోగాల్లోనే మారువేషంలో వెళ్లేవి కొన్ని ఉన్నాయి. 1930ల్లో రిచర్డ్ లాపియర్ అనే అమెరికన్ సమాజ శాస్త్రవేత్త ఒక చైనా యువజంటతో కలిసి దేశమంతా కారులో తిరిగాడు. అమెరికాలో చైనావాళ్లంటే వ్యతిరేకత బాగా ఉన్న రోజులవి. హోటళ్లు, భోజనశాలలు కలిపి 251 చోట్ల దిగారు. కాదన్నది ఒక్కచోటే. తర్వాత అవే చోట్లకు ఉత్తరాలు రాసి, "చైనావాళ్లను రానిస్తారా?" అని అడిగాడు. జవాబిచ్చిన వాళ్లలో నూటికి తొంభై మందికి పైగా "రానివ్వం" అన్నారు. ఉత్తరంలో మనిషి ఒకలా, గుమ్మం దగ్గర ఇంకోలా ఉన్నాడన్నమాట. మనిషిని అడిగి తెలుసుకునేది ఎంతో, చూసి తెలుసుకునేది ఎంతో ఆ ప్రయాణం తేల్చింది.

మన దేశంలో దీనికి తిరగేసిన కథ జరిగింది. సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ 2007లో అచ్చువేసిన పరిశోధన అది. కంపెనీవాళ్లను "మీరు కులం చూస్తారా?" అని అడిగితే లేదనే అంటారు. అందుకని వీళ్లు అడగలేదు. పత్రికల్లో వచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 66 వారాల పాటు 4,808 దరఖాస్తులు పంపారు. చదువు, అనుభవం ఒకేలా ఉంటాయి, చివరి పేరు ఒక్కటే మారుతుంది. ఒకటి పై కులానిదని తెలిసే పేరు, ఒకటి దళితులదని తెలిసేది, ఒకటి ముస్లిం పేరు. పై కులం పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే ఉంది. ముస్లిం పేరుకు మూడో వంతు. కొత్తవాళ్లు పరిచయం కాగానే "ఇంటిపేరేమిటండీ?" అని మనవాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్న దేనికోసమో మీకు వేరే చెప్పనక్కర్లేదు. కాగితం మీద కూడా అదే ప్రశ్న నోరు మెదపకుండా నడుస్తోందని ఈ దరఖాస్తులు పట్టిచ్చాయి.

మూడో రకం సహజ ప్రయోగం. ఇక్కడ చీటీలు వేసేది పరిశోధకులు కాదు. చట్టమో, సరిహద్దు గీతో, ప్రకృతో వేసేస్తుంది. పరిశోధకులు తర్వాత వచ్చి ఏరుకుంటారు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి, గ్రామ పంచాయతీ అధ్యక్ష పదవుల్లో మూడో వంతు మహిళలకు కేటాయించింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడది సగం. ఏ పంచాయతీ మహిళకు వస్తుందన్నది వంతులవారీగా, ఊరి మంచిచెడ్డలతో పని లేకుండా తేలిపోయే చోట్ల, మహిళలకు వచ్చిన ఊళ్లూ రాని ఊళ్లూ సహజంగానే జంట ఊళ్లవుతాయి. రాఘవేంద్ర చటోపాధ్యాయ్, ఎస్తేర్ డుఫ్లో పశ్చిమ బెంగాల్‌లో బీర్‌భూమ్ జిల్లానూ, రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్‌నూ చూశారు. మహిళలు పెద్దలైన చోట మంచినీటి మీద ఖర్చు ఎక్కువగా జరిగింది. నీళ్ల బిందె ఎవరి నడుము మీద ఉంటుందో తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ ఉండదు.

అదే బీర్‌భూమ్‌లో తర్వాత జరిగిన ఇంకో ప్రయోగం రేడియో వాళ్లకు బాగా నచ్చుతుంది. పంచాయతీ పెద్ద ఊరివాళ్లతో మాట్లాడే చిన్న ప్రసంగం ఒకటి రికార్డు చేశారు. మాటలు పొల్లుపోకుండా అవే. కొందరికి మగగొంతులో వినిపించారు, కొందరికి ఆడగొంతులో. మహిళ ఎన్నడూ పెద్దగా లేని ఊళ్లలో, ముఖ్యంగా మగవాళ్లు, అదే ప్రసంగం ఆడగొంతులో వింటే తక్కువ మార్కులేశారు. ఇదివరకు రిజర్వేషన్ వల్ల మహిళ పెద్దగా పనిచేసిన ఊళ్లలో ఆ తేడా బాగా తగ్గిపోయింది. చట్టం చేసిన సహజ ప్రయోగంలోపల పరిశోధకులు తమ చిన్న ప్రయోగాన్ని పెట్టారు చూడండి. ఇప్పుడు ఈ మాటలే ఇంకో గొంతులో వింటే మీకెలా ఉండేదో కాస్త ఊహించుకోండి.

రెండో ఊరే అక్కర్లేని ప్రయోగం కూడా ఒకటుంది. హెరాల్డ్ గార్ఫింకెల్ అనే అమెరికన్ ప్రొఫెసరు 1960ల్లో తన విద్యార్థులను ఇళ్లకు పంపి, పావుగంటో గంటో సొంత ఇంట్లోనే అద్దెకున్నవాళ్లలా మర్యాదగా మసలమన్నాడు. మన ఇంట్లో ఎలా ఉంటుందో చూడండి. కొడుకు కాలేజీ నుంచి వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మగారూ, తమరు అనుమతిస్తే కాసిన్ని మంచినీళ్లు తీసుకుంటానండీ" అన్నాడనుకోండి. తల్లి ముందు నవ్వుతుంది. రెండోసారి అంటే నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తుంది. మూడోసారికి కోపమొస్తుంది, లేదా ఏడుస్తుంది. ఆ విద్యార్థుల ఇళ్లలోనూ అదే జరిగింది. ఒంట్లో బాగాలేదా, ఉద్యోగం పోయిందా అని అడిగారు. ఎవరూ రాసిపెట్టని నియమాలు ఇంట్లో ఎన్ని ఉన్నాయో, వాటిని తప్పితేనే తెలుస్తుంది. ఇక్కడ పోల్చి చూడడానికి పక్క ఊరు అక్కర్లేదు, నిన్నటి ఇల్లు ఉంది.

ఇన్ని ఉపాయాలకూ ఒక ఉమ్మడి శత్రువు ఉంది. తాటిపండు తనను చూస్తున్నారని రాలదు. మనిషి చూస్తున్నారంటే మారిపోతాడు. 1924 నుంచి షికాగో దగ్గర హాథోర్న్ అనే ఫ్యాక్టరీలో, వెలుతురు పెంచితే పని పెరుగుతుందా అని చూశారు. వెలుతురుకూ పనికీ పొంతన కుదరలేదు. చుట్టూ మనుషులు చేరి శ్రద్ధగా గమనించడమే పనివాళ్లను మార్చిందనే వివరణ ఆ ప్రయోగాల నుంచి ప్రచారంలోకి వచ్చింది. ఆ లెక్కలు అంత గట్టివి కావని తర్వాతి తరం పరిశోధకులు వాదించారు గానీ, అనుమానం మాత్రం శాస్త్రంలో ఉండిపోయింది. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బడి ఎలా ఉంటుందో చూసిన మనకు అది కొత్త కాదు.

ఇంకో చిక్కు పెద్దది. పరీక్షనాళికను అడగకుండా ఏమైనా చెయ్యొచ్చు. మనిషిని? 1954లో ముజఫర్ షెరీఫ్ బృందం ఓక్లహోమాలో 22 మంది పిల్లలను వేసవి శిబిరం పేరుతో తీసుకెళ్లి, రెండు జట్లు చేసి, పోటీలు పెట్టి, పగలు ఎలా రాజుకుంటాయో చూసింది. తమ మీద ప్రయోగం జరుగుతోందని ఆ పిల్లలకు తెలియదు. 1971లో స్టాన్‌ఫర్డ్‌లో కుర్రాళ్లను కొందరిని ఖైదీలుగా, కొందరిని కాపలాదారులుగా పెట్టి నడిపిన ఉత్తుత్తి జైలును రెండు వారాలనుకుని ఆరు రోజులకే మూసెయ్యాల్సి వచ్చింది. అలాంటివాటి వల్లే పాల్గొనేవాళ్ల సమ్మతి, నైతిక సంఘాల అనుమతి తప్పనిసరి అన్న పట్టుదల పెరిగింది.

రెండో ఊరి పక్షాన కూడా ఒక మాట అడగాలి. మంచి జరిగేది మొదటి ఊరికి, లెక్కకు పనికొచ్చేది రెండో ఊరు. ఇదెక్కడి న్యాయం? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్రల స్మార్ట్‌కార్డుల మీద ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు దీనికో జవాబు దొరికింది. అన్ని మండలాలకూ ఒకేరోజు ఎలాగూ ఇవ్వలేరు. అందుకని 157 మండలాల్లో ముందు ఎవరికి, తర్వాత ఎవరికి అన్న వంతును లాటరీకి వదిలారు. ముందు వంతు మండలాలను ఆఖరి వంతు మండలాలతో పోలిస్తే, కార్డులొచ్చిన చోట డబ్బు త్వరగా అందింది, మధ్యలో జారిపోయేది తగ్గింది. ఆఖరి మండలానికి ఆలస్యమైంది గానీ అన్యాయం కాలేదు. రేషన్ షాపు వరసలో నిలబడ్డవాడికి ఈ తేడా బాగా తెలుసు.

ఇక రేడియో దగ్గరికి తిరిగి వద్దాం. 1994లో రువాండాలో మారణహోమం జరిగినప్పుడు అక్కడి ఒక రేడియో విద్వేషాన్ని ఎగదోసింది. పదేళ్ల తర్వాత అదే దేశంలో ఇంకో రేడియో నాటకం, ఊళ్ల మధ్య పగ ఎలా రాజుకుంటుందో, మళ్లీ ఎలా కలవొచ్చో చెబుతూ ప్రసారమైంది. ఎలిజబెత్ పాలక్ అనే పరిశోధకురాలు చీటీలు వేసి, కొన్ని ఊళ్లవాళ్లకు ఏడాది పాటు ఈ నాటకం, మరికొన్ని ఊళ్లవాళ్లకు ఆరోగ్యం గురించిన నాటకం వినిపించింది. జనం మనసులోని నమ్మకాలు పెద్దగా మారలేదు. నలుగురిలో ఎలా మసలుకోవాలన్న అవగాహన మారింది. చివర్లో ఒక్కో ఊరికీ టేప్‌రికార్డరు, క్యాసెట్లు బహుమతిగా ఇచ్చి, ఎవరి దగ్గర పెట్టుకుంటారన్నారు. ఆరోగ్య నాటకం విన్నవాళ్లు ఎక్కువగా ఊరి పెద్దకు అప్పగిద్దామన్నారు. సయోధ్య నాటకం విన్నవాళ్లు వాదించుకుని, అందరం కలిసి చూసుకుందాం అనే వైపు మొగ్గారు.

పుణే ఫలితం బాకీ ఉంది కదా. సంఘాలున్న ఊళ్లలో జనానికి తెలిసిన సంగతులు బాగా పెరిగాయి. రేడియో లేని ఊళ్లలో పెరగలేదు, అది అనుకున్నదే. రేడియో ఉండి సంఘం లేని ఊళ్లలో కూడా పెరిగింది కొంచెమే. మూడు రకాల ఊళ్లు ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా. రెండు రకాలే తీసుకుని ఉంటే గొప్పంతా రేడియోకే కట్టబెట్టి, ఊరూరికీ ఒక పెట్టె పంచి ఊరుకునేవాళ్లు. విన్నాక ఇరవై మందీ కూర్చుని, అవునని, కాదని మాట్లాడుకున్నారే, అసలు పని అక్కడ జరిగింది. 1959లో ఆ సంఘాలను దేశమంతటికీ విస్తరించారు.

ఆ లెక్క ప్రకారం నేను ఒక్కణ్ని ఇంతసేపు మాట్లాడినందువల్ల కలిగే లాభం కొంచెమే. కాబట్టి రేడియో కట్టేశాక ఇంట్లోవాళ్లతోనో, అరుగు మీదవాళ్లతోనో ఈ సంగతులు ఎత్తండి. నేను చెప్పిందాంట్లో తప్పు పట్టండి. కప్పను తిప్పితే వాన పడిందని ఎవరైనా అంటే, పక్క ఊరి సంగతి అడగండి.